దుమ్ము పనికి పిలవనని మాటిచ్చాక

మేస్త్రి గారు చెక్క రుద్దే మిషను స్విచ్చి ఆపి ఊరుకునేవారు కాదు. ప్లగ్గు పీకేవారు. మిషను నడుస్తుండగా ఎవరు ఏమడిగినా తలెత్తరు, జవాబు చెప్పరు. స్విచ్చి ఆపి, లేచి గోడ దాకా వెళ్ళి ప్లగ్గు పీకి, ఆ ప్లగ్గుని పనిబల్ల మీద అందరికీ కనిపించేలా పెట్టి, అప్పుడు “ఇప్పుడు చెప్పండి” అనేవారు. ఒకసారి మా ఆయన వాకిట్లోంచి టైమెంతయిందని కేకేస్తే, ఈ తతంగమంతా పూర్తి చేసి, వాకిట్లోకి వచ్చి, నాలుగూ పది అని చెప్పి వెళ్ళారు. అప్పటికి మా ఆయన వేరే గడియారం చూసుకోవడం, కాఫీ తాగడం కూడా అయిపోయింది.

మేస్త్రి గారు పోయారు. నాకు తెలిసిన తీరు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఒక వేపచెక్క పీట చేస్తున్నాను. ఎనభై నంబరు ఉప్పుకాగితంతో ఒక చుట్టు రుద్దడం అయింది. ఇక నూట ఇరవైకి వెళ్ళాలా, ఇంకోసారి ఎనభైయే వెయ్యాలా అని అనుమానం వచ్చి ఫోను చేశాను. ఆయన్ని పలకరించి నాలుగు నెలలైంది. ఇప్పుడైనా పని పడింది కాబట్టి చేశాను. ఆయన భార్య ఎత్తింది. “ఆయన లేరక్కా. పెద్దకర్మ కూడా అయిపోయింది” అంది. మీ నంబరు ఆయన ఫోనులో ఏ పేరుతో ఉందో తెలియక చెప్పలేకపోయానని ఆమే నాకు సంజాయిషీ చెప్పుకుంది.

నేను ముప్పై ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పాను. రిటైరయ్యాక మా తోటివాళ్ళు యాత్రలకి బయల్దేరితే, నేను తెనాలిలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో చెక్కపని మొదలుపెట్టాను. పీటలు, స్టూళ్ళు, గూళ్ళు. వీడియోలు చూసి నేర్చుకున్నాను, ఒకరు చెబితే వినే అలవాటు మొదట్నించీ లేదు. ఆ ఊపులోనే ఆన్‌లైన్లో సేండరు కొన్నాను. ఇస్త్రీ పెట్టెలో సగం ఉంటుంది, అడుగున ఉప్పుకాగితం అతికించుకుని స్విచ్చి నొక్కితే గిర్రున తిరుగుతూ చెక్కని నున్నగా చేస్తుంది. మొదటి రోజు నూలుచీర, చేతినిండా మట్టిగాజులు, నెత్తిన సీలింగు ఫ్యాను ఫుల్లు స్పీడు. షెడ్డంతా గోధుమరంగు మబ్బు కమ్మేసింది. నాకు మాత్రం మహా సంబరంగా ఉంది.

ఉన్నట్టుండి మిషను ఆగిపోయింది. కరెంటు పోయిందనుకుని తలెత్తితే ప్లగ్గు చేత్తో పట్టుకుని ఒక మనిషి నిలబడి ఉన్నారు. బక్కపలచటి మనిషి, పొట్టిచేతుల చొక్కా, కనుబొమలు తెల్లగా. అవి నెరిసి తెల్లబడ్డాయో, దుమ్ముతో తెల్లబడ్డాయో అప్పుడు తెలియలేదు. పక్కింట్లో తలుపులకి పాలిష్ పెట్టడానికి రేపల్లె నుంచి వస్తున్న మేస్త్రి. మా మిషను చప్పుడు వినలేక వచ్చేశానని చెప్పి, క్షమించమని కూడా అనకుండా, ముందు ఫ్యాను కట్టేశారు. పైన ఫ్యాను తిరుగుతుంటే దుమ్ము ఎక్కడికీ పోదని, ఉన్న గదిలోనే తిరిగి తిరిగి మన ముక్కులోకే వస్తుందని చెప్పారు. కిటికీలో టేబులు ఫ్యాను బయటివైపు తిప్పి పెట్టి, దుమ్ము పోయే దారి చూశాకే మిషను ముట్టుకోవాలన్నారు. చీర కొంగు దోపుకోమన్నారు. ఆ తర్వాత నా చేతుల వంక చూసి, ఏదో చెప్పబోయి, ఆగి, బయటికి వెళ్ళిపోయారు.

పేపరు చదువుకుంటున్న మా ఆయన దగ్గరికి వెళ్ళి, ఇంట్లో పాత ఫుల్ చేతుల చొక్కా ఉంటే టీచరు గారికి ఇప్పించమని అడిగారట. భార్యకి చొక్కా ఏమిటో మా ఆయనకి అర్థం కాలేదు. తిరిగే మిషను దగ్గర గాజు చిట్లితే మణికట్టు తెగుతుందని చాలాసేపు గొంతు తగ్గించి వివరించారట. ఇద్దరూ షెడ్డులోకి వచ్చాక మా ఆయన అది చెబితే విని, ఇంత రాద్ధాంతం దేనికి, తీసి పక్కన పెడతానని గాజుల మీద చెయ్యి వేశాను. మేస్త్రి గారు రెండడుగులు వెనక్కి వేశారు.

“ఆ మాట నా ఎదురుగా అనకండి టీచరు గారు. ముత్తయిదువని గాజులు తియ్యమనే నోరు కాదండి నాది.”

అంతే, ఆనాటి నుంచి ఈనాటి దాకా మా ఆయన ఆఫీసు చొక్కా తొడుక్కుని, గాజుల మీదుగా చేతి గుండీలు పెట్టుకుని పని చేస్తాను. వీధిలో అందరూ నవ్వారు. నవ్వనీ.

పక్కింటి పని అయిపోయాక కూడా ఆయన వచ్చేవారు. తెనాలిలో ఎక్కడ పనున్నా, సాయంత్రం రేపల్లె ప్యాసింజరు ఎక్కే ముందు ఒక గంట మా షెడ్డులో ఆగేవారు. ఆయన వయసులో ఉన్నప్పుడు రేపల్లె అవతల రేవులో పడవలు కట్టారు. పడవ పనిలో కొలతబద్ద కంటే ఒళ్ళే ఎక్కువ పనిచేస్తుందని చెప్పేవారు. చెక్క నునుపు తేలిందో లేదో చూడాలంటే కళ్ళు మూసుకుని చెంప ఆనించేవారు. చేతులు కాయలు కాసిపోయాయని, వాటికిప్పుడు ఏదీ తెలియదని, చెంపకి మాత్రం తెలుస్తుందని. వేళ్ళతో తడిమి అయిపోయిందని నేనంటే ఒప్పుకునేవారు కాదు. నన్నూ చెంప పెట్టమనేవారు. అరవై ఏళ్ళ దాన్ని, మొగుడి చొక్కా వేసుకుని, పీట మీద చెంప ఆనించి కళ్ళు మూసుకునేదాన్ని. బాగుండేది.

నేను మిషను మీద బరువు వేస్తే దూరంగా కూర్చునే కనిపెట్టేసేవారు. మిషను ఏడుస్తోందండి, చెయ్యి వదులు చెయ్యండి అనేవారు. పాత చెక్క అయితే ముందు అయస్కాంతం పెట్టి మేకులు వెతికించేవారు. కాగితం మార్చేటప్పుడు ప్లగ్గు పీకానో లేదో నన్ను నమ్మకుండా తనే చూసుకునేవారు. దుమ్ముని నోటితో ఊదితే మాత్రం కోపం వచ్చేది. తడిగుడ్డతో తుడవాలి, చీపురు కూడా పనికిరాదు. పాత రంగు గీకితే వచ్చే దుమ్ము విషమని, దాన్ని ఆరుబయట గాలికి వెన్ను పెట్టి తప్ప చెయ్యకూడదని ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు.

ఇన్ని చెప్పిన మనిషి, తన మాస్కు మాత్రం గడ్డం కిందే ఉండేది. చెంప పెట్టాలి కదా, రెండు నిమిషాలకోసారి కిందికి లాగేవారు, తర్వాత పైకి జరపడం మర్చిపోయేవారు. మీకొక సిలబస్సు నాకొకటా అని నేను ఆట పట్టించేదాన్ని. “నాది పాత చెక్కండి. ఎంత రుద్దినా ఏం కాదు” అని నవ్వేవారు. ఆ నవ్వు చివర్లో దగ్గు ఉండేది. పని దగ్గర్నించి మా ఇంటికి నడిచి వచ్చే మనిషి ఆటోలో రావడం మొదలుపెట్టారు. నేను గమనించాను, అడగలేదు.

ఒకరోజు భార్యను వెంటబెట్టుకుని వచ్చారు. తెనాలి ఆసుపత్రిలో చూపించుకుని అటునుంచి అటే వచ్చారట. ఆయన షెడ్డులోకి వెళ్ళగానే ఆమె వంటింట్లోకి వచ్చి నా పక్కన నిలబడింది. అదే మొదటిసారి నేను ఆమెని చూడడం. ఊపిరితిత్తుల్లో దుమ్ము పేరుకుపోయిందని, ఉన్నది పోదని, ఇంకా పీలిస్తే తమ చేతుల్లో లేదని, డాక్టరు ఆమెతో విడిగా చెప్పారట. ఆయనకి చెబితే విని ఊరుకున్నారట. ఆమె ఏడవలేదు. చెప్పేది తప్పు లేకుండా చెప్పాలన్నట్టు నెమ్మదిగా చెప్పింది.

“వేరేవాళ్ళు పిలిస్తే నేను ఆపగలనక్కా. మీరు పిలిస్తే ఆయన ఆగరు. అందుకని మిమ్మల్నే అడుగుతున్నాను. దుమ్ము పనికి మాత్రం పిలవకండి.”

నేను ఆమె చేతిలో చెయ్యి వేశాను. పిలవనమ్మా, ఒట్టు అన్నాను. ఆ మాట అన్నప్పుడు నా మనసులో వేరే ఏమీ లేదు.

ఆ తర్వాత ఆరేడు నెలలు మేము బాగానే నడుపుకొచ్చాం. ఆయన వచ్చినప్పుడు షెడ్డు బయట, గాలి వచ్చేవైపు కుర్చీ వేసేదాన్ని. అక్కడ కూర్చుని చప్పుడు విని తప్పులు పట్టేవారు. లోపలికి అడుగుపెడితే మిషను నడపనని చెప్పాను. బడిలో పిల్లల్ని బయట నిలబెట్టినట్టుందండి అని గొణిగేవారు కానీ, లేచి రాలేదు. ఆయన్ని నేనే కాపాడుతున్నానని నాకు కొంచెం గర్వంగా కూడా ఉండేది. దాని సంగతి ఇప్పుడు చెబుతాను.

బాపట్లలో మా తమ్ముడు ఇల్లు కట్టుకున్నాడు. కర్లపాలెంలో ఎవరిదో పాత ఇల్లు పడగొడుతుంటే సింహద్వారం తలుపు కొని తెచ్చాడు. అసలైన టేకు, నాలుగంగుళాల మందం, దాని మీద తరాల తరబడి వేసిన రంగులు. ఒప్పుకున్న వడ్రంగి సగం గీకి వేరే పనికి వెళ్ళిపోయాడు. ఎల్లుండి తెల్లవారుజామున గృహప్రవేశం అనగా నేను వెళ్ళాను. ఆ తలుపుకి పసుపు రాసి కుంకుమ పెట్టాలి, మచ్చలు మచ్చలుగా ఉన్న తలుపుకి ఎలా పెడతామని మరదలు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అక్కకి చెక్కపని వచ్చుగా అన్నాడు తమ్ముడు. వచ్చిన చుట్టాలందరి ముందు అన్నాడు. నేను చొక్కా తొడుక్కుని మొదలుపెట్టాను. పాత రంగు మిషను వేడికి కరిగి కాగితానికి అంటుకుపోతోంది. కాగితం మీద కాగితం పాడవుతోంది తప్ప తలుపు తేలడం లేదు. చుట్టాలు వచ్చి చూసి వెళుతున్నారు.

మేస్త్రి గారికి ఫోను చేశాను. దుమ్ము పని అనలేదు. ఒక్కసారి వచ్చి చూసి, ఏం చెయ్యాలో చెప్పి వెళ్ళండి అన్నాను. చూడడానికే కదా, మాట తప్పినట్టు కాదని నాకు నేను చెప్పుకున్నాను. ఆయన జీవితంలో ఏ తలుపునీ ఊరికే చూసి వెళ్ళలేదని నాకు తెలుసు. ఫోను చేసేటప్పుడే తెలుసు.

మర్నాడు పొద్దున్నే బస్సు దిగి వచ్చారు. భుజాన సంచి. సంచిలో ఆయన సొంత మిషను, మడత పెట్టిన కాగితాలు. చూడ్డానికి రమ్మన్న మనిషి మిషను తెచ్చుకుంటే, అదెందుకు తెచ్చారని నేను అడగలేదు.

తలుపు హాల్లో రెండు బల్లల మీద పడుకోబెట్టి ఉంది. ఆయన తలుపు చుట్టూ తిరిగి, దీన్ని పెరట్లోకి మోయించండి అన్నారు. పెరట్లో షామియానా. దాని కింద వంటవాళ్ళు బూందీ దూసి తెల్లదుప్పట్ల మీద ఆరబోస్తున్నారు. ఆ పక్కనే కూరగాయలు తరుగుతున్నారు. వాకిట్లో చుట్టాలు. దుమ్ము పడితే మిఠాయి మొత్తం పారబొయ్యాలని మరదలు అంది. సరేనని హాల్లోనే చెయ్యమన్నాను. కిటికీలన్నీ నేనే మూశాను. తలుపు సందుల్లో తడి గోనెపట్టాలు నేనే కుక్కాను. పెరటివైపు కిటికీ ఒక్కటన్నా తెరిచి ఉంచండి, ఫ్యాను పెట్టుకుంటానని ఆయన అడిగారు. బూందీ ఆ కిటికీ కిందే ఉంది.

“ఒక్క గంటేగా మేస్త్రి గారూ” అన్నాను.

“గంటేనండి” అన్నారు ఆయన.

నాలుగు గంటలు పట్టింది. మధ్యలో ఒకసారి లోపలికి వెళ్ళాను. ట్యూబులైటు వెలుతురు పసుపు ముద్దలా ఉంది, ఎదుటి గోడ కనిపించడం లేదు. నేను ఇచ్చిన మాస్కు గడ్డం కింద వేలాడుతోంది. అది పెట్టుకుంటే ఊపిరి అందడం లేదని, మొదట్లోనే చెప్పారు. కళ్ళు మూసుకుని తలుపుకి చెంప ఆనించి ఉన్నారు. ఆ మొహం అంత ప్రశాంతంగా ఉండగా నేను మళ్ళీ చూడలేదు. గోడ దగ్గర ప్లగ్గు నాకు మూడడుగుల దూరంలో ఉంది. ఆయన దగ్గర నేను మొట్టమొదట నేర్చుకున్నది అదే. పీకలేదు. తలుపు సగమే అయింది. ఇంకా ఎంతసేపు పడుతుందని అడిగి, గోనెపట్టా సర్ది బయటికి వచ్చేశాను.

పని అయ్యాక నన్ను పిలిచి, చెంప పెట్టి చూడండి అన్నారు. పెట్టాను. ఆ నునుపుకి నాకు సంతోషం వేసింది. అది దాచను. ఆ క్షణంలో నాకు ఆయన దగ్గు వినిపించనే లేదు. తర్వాత వినిపించింది. నూతి దగ్గర కాళ్ళు చేతులు కడుక్కుని మెట్టు మీద కూర్చున్నారు, లేవలేకపోయారు. మరదలు ప్లేట్లో వేడి బూందీ తెచ్చి పెడితే, గొంతులో ఇంకా దుమ్ముందండి, తర్వాత తింటానన్నారు. కారులో పంపిస్తానన్నా వినకుండా బస్సెక్కారు.

మర్నాడు గృహప్రవేశంలో అందరూ తలుపుని మెచ్చుకున్నారు. మేస్త్రి గారు ఫోటో పంపమంటే పంపించాను. తోరణం కొంచెం పక్కకి జరిగింది, సరిచెయ్యమని జవాబు పెట్టారు.

ఆ తర్వాత ఆయన తెనాలి రాలేదు. మొదట్లో వారానికోసారి ఫోను చేసేదాన్ని. బాగానే ఉన్నానండి అని, దగ్గు వచ్చినప్పుడు ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టేవారు. ఇంట్లో ఆక్సిజన్ పెట్టుకున్నారని వేరేవాళ్ళు చెబితే తెలిసింది. తెనాలి నుంచి రేపల్లెకి గంట ప్రయాణం. నేను వెళ్ళలేదు. మోకాళ్ళ నొప్పన్నాను, ఎండలన్నాను. వెళితే ఆమెని చూడాలి. ఫోన్లు వారానికొకటల్లా నెలకొకటయ్యాయి, తర్వాత అదీ లేదు.

నా దగ్గర చదువుకున్న పిల్ల ఒకతి ఇప్పుడు డాక్టరు. పేర్లు చెప్పకుండా ఆమెని అడిగాను. అది ఒక రోజుతో వచ్చేది కాదు టీచర్, ఏళ్ళ తరబడి పేరుకున్నది అంది. మరి ఆ నాలుగు గంటలూ లెక్కలోకి రావా అంటే, రావని ఎవరూ చెప్పలేరు అంది. జీవితమంతా పిల్లల చేత జవాబు వచ్చేదాకా లెక్క చేయించినదాన్ని. దీన్ని ఎక్కడ ఆపాలో నాకు తెలియడం లేదు. రాత్రీ పగలూ చేస్తున్నాను.

ఫోనులో ఆయన లేరన్న మాట విన్న మర్నాడు రేపల్లె వెళ్ళాను. పొద్దుటి ప్యాసింజరు. దారి పొడుగునా ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను. ముందు నేలమీద కూర్చోవాలి, ఆమె చేతులు పట్టుకోవాలి, నేనే పిలిచానని చెప్పాలి. ఆ మూడూ వరసగా మనసులో పెట్టుకున్నాను.

ఆమె కుర్చీ వేసింది. నేను కుర్చీలో కూర్చున్నాను. చివరి రోజుల గురించి చెప్పింది. పడుకోలేక దిండ్లు పెట్టుకుని కూర్చునేవారట. మంచం పట్టె మీద గరుకు తగిలితే, ఉప్పుకాగితం ముక్క తెప్పించుకుని చేత్తో రుద్దుతుంటే లాక్కుందట. టీ ఇచ్చింది. తర్వాత, నేను తెచ్చుకున్న మాటలన్నీ నోట్లోనే ఉండగా, ఆమే అంది.

“మాట మీద నిలబడింది మీరొక్కరే అక్కా.”

బాపట్ల నుంచి వచ్చిన రోజు ఆయన చెవుల్లో, కనుబొమల్లో దుమ్ము చూసి ఆమె పెద్ద గొడవ చేసిందట. ఎవరు పిలిచారో చెప్పమని నిలదీసిందట. ఎవరూ పిలవలేదని, గృహప్రవేశం పని హడావుడి చూసొద్దామని తనే వెళ్ళానని, తలుపు చూసి ఆగలేక మిషను పట్టుకున్నానని చెప్పారట. పది నిమిషాలు కూడా చెయ్యనివ్వలేదట నేను. టీచరు గారు అందరి ముందూ కేకలేసి బయట కూర్చోబెట్టారని, తలుపంతా ఆవిడే చేసుకున్నారని, అంత నునుపు తన చేతికి కూడా రాదని చెప్పారట. నా పని ఏనాడూ బాగుందని నాతో అనని మనిషి.

“చచ్చేదాకా అదే మాట చెప్పారక్కా. నేను నమ్మినట్టే ఊరుకున్నాను” అని ఆమె ఆగింది. నా మొహంలోకి చూసింది. “నిజమేనా?”

ఆమె గొంతులో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. తెలుసుకోవాలని అడిగింది, అంతే. అవునంటే ఆయన ఆమెతో చివరిదాకా నిజమే చెప్పిన మొగుడవుతారు. కాదంటే నేను ఏమవుతానో నాకు తెలుసు. రెండిట్లో ఏది ఆమె కోసం, ఏది నా కోసం అని ఇప్పుడు ఎంత విడదీసినా విడిపోవడం లేదు.

“అవునమ్మా” అన్నాను.

ఆమె తలూపి, ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళింది. చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక, రైలుకి టైమవుతోంది, బయల్దేరండక్కా అంది. మళ్ళీ రండి అనలేదు.

ఇదంతా రాసి మా ఆయనకి చదివి వినిపించాను. ఇది ఆవిడ చదివితే ఎలా అన్నారు ఆయన. చదవదు. ఆమెకి చదువు రాదు. ఆ సంగతి తెలిసే నేను ఇది రాయడానికి కూర్చున్నాను. నోటితో చెప్పాలంటే రేపల్లె వెళ్ళాలి. ఆదివారం వెళ్ళొస్తానని మా ఆయనతో అన్నాను. మూడు ఆదివారాలయ్యాయి. మూడుసార్లూ పొద్దున్నే లేచి, మంచి చీర కట్టుకుని, ప్యాసింజరు వెళ్ళిపోయేదాకా ఇంట్లోనే కూర్చున్నాను.